వారానికి ఆరు గంటలే చేతిలో ఉన్నాయి, జనవరి రేసుకి సరిపోతాయా?

తెల్లారి_సవారీ

అందరికీ నమస్కారం. నాకు 38. ఉండేది హైదరాబాద్ పక్కన తెల్లాపూర్‌లో, బ్యాంకులో ఆఫీసర్ని. మావారు ఫార్మా కంపెనీలో షిఫ్టుల మీద చేస్తారు. బాబు నాలుగో తరగతి. మా అత్తగారు మాతోనే ఉంటారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు.

పోయిన చలికాలం ఇక్కడి రైడర్లు కొందరు కలిసి సర్వీస్ రోడ్డు మీద 20 కిలోమీటర్ల టైం ట్రయల్ (ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీపడే రేసు) పెడితే దిగాను. నిమిషానికి ఒకర్ని వదిలారు. నా వెనకాల వదిలిన ఆవిడ సగం దారిలో నన్ను దాటేసింది. పక్కనుంచి పోతుంటే సైకిల్ చప్పుడు లేదు, ఊపిరి చప్పుడు లేదు, గాలి చీలుతున్న శబ్దం ఒక్కటే. అప్పటిదాకా నాకు సైకిలంటే ఆదివారం పొద్దున్న గండిపేట దాకా వెళ్లి, టీ తాగి రావడం. ఆ రోజు నుంచి రేసు మీదికి మనసు పోయింది.

వచ్చే జనవరిలో రెండు ఈవెంట్లు వరసగా ఉన్నాయి. శనివారం 40 కిలోమీటర్ల టైం ట్రయల్, ఆదివారం అందరూ ఒకేసారి బయల్దేరే రోడ్ రేసు. రెండిట్లోనూ దిగాలని ఉంది. వారానికి ఆరు గంటలు దొరుకుతాయి, అంతకు మించి ఒక్క అరగంట కూడా దొరకదు. అందులోనూ తిరకాసు ఉంది. మావారికి 'ఏ' షిఫ్టు, అంటే తెల్లవారి షిఫ్టు, పడిన వారం ఆయన ఐదింటికే బస్సు ఎక్కాలి. అత్తగారు గబుక్కున లేచి నడవలేరు కాబట్టి బాబుని వదిలి పొద్దున్నే బయటికి పోలేను. ఇంట్లోనే సైకిల్ బిగించి తొక్కే ట్రైనర్ స్టాండు మీద తొక్కుదామంటే కింది ఫ్లాట్ వాళ్లు మిక్సీ తిరిగినట్టుందని ఫిర్యాదు చేశారు. వాళ్లకి నెలల పాప, వాళ్లని అనడానికి లేదు.

ఇంకోటి. "ఈ వయసులో ఎవరితో పోటీ అమ్మా?" అని అత్తగారు అడిగారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. నాకు జవాబు రాలేదు. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ రేసులు చేస్తున్నవాళ్లు ఎలా చేస్తున్నారో చెప్పండి.

భీమిలి_రోడ్డు

అమ్మా, నాకు 52. విశాఖలో కరెంటు డిపార్ట్‌మెంట్ ఉద్యోగం. తుఫాను వస్తే నాకు వారాల తరబడి సైకిల్ ఉండదు, కాబట్టి మీ 'ఏ' షిఫ్టు బాధ నాకు బాగా తెలుసు. ఆరు గంటలు సరిపోతాయి. 200 కిలోమీటర్ల రేసుకి చాలవేమో గానీ, 40 కిలోమీటర్ల టైం ట్రయల్‌కి చాలు.

ముందు గంటలు ఎక్కడ పెట్టాలో చెప్తాను. మీది బ్యాంకు కదా, రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. మీ దగ్గరున్న బంగారం అదే. ఆ రెండు వారాల్లో మూడు గంటల పొడుగు రైడు శనివారం పెట్టుకోండి, ఆదివారం సైకిల్ గోడకి ఆనించి ఇంట్లో ఉండండి. పూర్తి ఆదివారం. బాబు లేచేసరికి మీరు ఇంట్లో కనిపించాలి. మిగతా వారాల్లో ఆదివారం పొద్దున్నే వెళ్లి ఎనిమిదిన్నరకల్లా వచ్చేయండి. సైకిల్‌కిచ్చే గంటలు ఇంట్లో ఎవరో ఒకరి వాటాలోంచే వస్తాయమ్మా. ఎవరి వాటా ఎప్పుడు తీసుకుంటున్నారో వాళ్లకి ముందే తెలిస్తే గొడవ ఉండదు. నేను నెల మొదట్లో క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసి ఫ్రిజ్ మీద అతికిస్తాను. అందులో లేని రోజున తొక్కను, ఎండ ఎంత బాగున్నా, స్నేహితులు ఎంత పిలిచినా సరే. మార్చి ఆఖరు మీకు ఎలాగూ లెక్కల పని కాబట్టి ఆ నెల రేసుల జోలికే పోకండి.

ఇక వారం మధ్యలో రెండు రోజులు, చెరో గంట. మంగళవారం గట్టిది: పన్నెండు నిమిషాలు వేడెక్కాక, ఎనిమిది నిమిషాలు చొప్పున నాలుగు సార్లు గట్టిగా, మధ్యలో రెండు మూడు నిమిషాలు మెల్లగా, ఆఖర్న ఐదు నిమిషాలు చల్లబడటం. గంటలో అయిపోతుంది. ఎనిమిది నిమిషాల్లో రెండు మాటలకి మించి మాట్లాడగలుగుతున్నారంటే మెల్లగా తొక్కుతున్నట్టు. నాలుగోదానికి శక్తి మిగల్లేదంటే మొదటిదే ఎక్కువ తొక్కేశారన్నట్టు. గురువారం ఇరవై నిమిషాలు చొప్పున రెండు, దీనికన్నా ఒక మెట్టు కింద. పవర్ మీటర్ (తొక్కే శక్తిని కొలిచే పరికరం) ఉంటే ఇరవై నిమిషాలు ఉన్నదంతా పెట్టి తొక్కి, వచ్చిన సగటులో 95 శాతం తీసుకుంటే దాన్నే మీ ఎఫ్‌టీపీ, అంటే దాదాపు గంటసేపు నిలపగలిగే శక్తి, అనుకోవచ్చు. గురువారం పని దాంట్లో 90 శాతం దగ్గర. మీటర్ లేకపోతే కొనకండి, ఇప్పుడు అవసరం లేదు. మిగిలిన గంట ఎప్పుడు వీలైతే అప్పుడు, కూరగాయలకి వెళ్లినట్టు తేలిగ్గా.

ట్రైనర్ చప్పుడు సంగతి. వెనక టైరుకి రోలర్ ఆనే రకమైతే ఆ రొద పోదు. వెనక చక్రం తీసేసి చైన్ నేరుగా తగిలించే రకం చాలా నయం. అయినా కింది వాళ్లకి వినపడేది గాల్లో వచ్చే చప్పుడు కన్నా నేల అదురు. అడుగున రబ్బరు మ్యాటు, దాని మీద ప్లైవుడ్ చెక్క, మళ్లీ మ్యాటు వేయండి. గది మధ్యలో కాకుండా పిల్లర్‌కీ బీమ్‌కీ దగ్గరగా పెట్టండి. పసిపాప నిద్రపోయే వేళ కనుక్కుని ఆ గంట వదిలేయండి. నేను కింద ఇంటికి వెళ్లి, పైన మా అబ్బాయిని తొక్కమని, ఎంత వినపడుతోందో నా చెవులతో విని వచ్చాను. వాళ్ల మొహాలు అప్పుడే మారాయి.

టైం ట్రయల్‌లో మీ శత్రువు గాలి. వేగం పెరిగేకొద్దీ గాలిని తోయడానికి కావలసిన శక్తి వేగపు ఘనం (మూడో ఘాతం) లెక్కన పెరుగుతుంది. 30తో పోయేవాళ్లు 33తో పోవాలంటే మూడు కిలోమీటర్లే కదా అనిపిస్తుంది గానీ, గాలి మీద పెట్టే శక్తి మూడో వంతు పెరగాలి. అంత కండ పెంచడానికి సీజన్లు పడతాయి, శరీరం మడవడానికి డబ్బు కూడా అక్కర్లేదు. చేతులు హుడ్స్ (బ్రేకు లీవర్ల పైన ఉండే రబ్బరు తొడుగులు) మీదే ఉంచి మోచేతులు వంచండి, ముంజేతులు నేలకి సమాంతరంగా రావాలి, తల భుజాల మధ్యకి దించండి. ఇంట్లో అద్దం ముందు ట్రైనర్ మీద కూర్చుని చూసుకోండి. ముంజేతులు హ్యాండిల్ మీద ఆనించే పద్ధతి మాత్రం వద్దు. 2021 ఏప్రిల్ నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ రోడ్ రేసుల్లో దాన్ని నిషేధించింది, పైగా బ్రేకు అందదు. వదులు జెర్సీ వేసుకోకండి. వీపు మీద పటపటా కొట్టుకుంటుందే, అదంతా మీ కాళ్లలోంచి పోయే బలమే.

మా బీచ్ రోడ్డు మీద రుషికొండ దాటి తొట్లకొండ వైపు పోతుంటే ఎత్తుపల్లాలు వరసగా వస్తాయి, పొద్దెక్కితే సముద్రం గాలి పక్కనుంచి తోస్తుంది. ఎదురుగాలికీ ఎత్తుకీ కాస్త ఎక్కువ పెట్టు, దిగుడుకీ వెనకగాలికీ తగ్గించు అన్నది నేను అక్కడే నేర్చుకున్నాను. మొదటి ఐదు నిమిషాలు మరీ తేలిగ్గా ఉన్నట్టనిపించాలి. అలా అనిపిస్తేనే సరిగ్గా పోతున్నట్టు.

రేసర్_గారి_భార్య

నేను సైకిల్ తొక్కను. మా ఆయన తొక్కుతారు, ఈ పేజీ ఆయన ఫోన్లో చూశాను. రాయకుండా ఉండలేకపోయాను.

మీ అత్తగారు అడిగిన మాట నేనూ అడిగాను. ఆయన పెద్ద పెద్ద మాటలు చెప్పలేదు. ఒకసారి రేసుకి తీసుకెళ్లారు. చలిలో, హైవే పక్కన, పిల్లని శాలువాలో చుట్టుకుని నిల్చున్నాను. ఆఖర్న వచ్చిన గుంపులో ఆయన మొహం చూశాను. అలాంటి మొహం నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. పళ్లు బిగబట్టి, కళ్లు ముందు చక్రం మీద పెట్టి, ఎంతమందిలో ఉన్నా ఒక్కరే ఉన్నట్టు. ఎన్నో స్థానమో నాకు గుర్తు లేదు. ఆ తరవాత నేను ఆ ప్రశ్న అడగలేదు. మీ అత్తగారిని కుర్చీ వేసి ఫినిష్ దగ్గర కూర్చోబెట్టండి.

ఒక్క మాట మాత్రం. రైడు నుంచి వచ్చి సోఫాలో కూలబడితే ఇంట్లోవాళ్లకి ఒళ్లు మండుతుంది. మూడు గంటలు బయట, రెండు గంటలు పడక, అంటే ఐదు గంటలు పోయినట్టే మాకు. వచ్చాక ఆ పూట ఇంటి పని మీదే అని చెప్పుకోండి. ఆడవాళ్లకి ఈ మాట చెప్పక్కర్లేదనుకోండి, ఎలాగూ చేస్తాం. అయితే మీ ఆయన కూడా ఆ పూట పని అందుకోవాలి, మీరు వచ్చేదాకా గిన్నెలు ఎదురుచూడకూడదు. అది అడగండి, మొహమాటపడకండి.

డాలస్_నుంచి

మాది ఖమ్మం, ఇక్కడికొచ్చి చాలా ఏళ్లైంది. ఆదివారం రోడ్ రేసు గురించి మాత్రం చెప్తానండీ, పైన అన్నగారు టైం ట్రయల్ గురించి అంతా చెప్పేశారు.

ఇక్కడ పనిరోజుల్లో సాయంత్రం క్రిటీరియంలు జరుగుతాయి. చిన్న లూపు, ముప్పావుగంట అటూ ఇటూ, ఆఫీసు నుంచి నేరుగా వెళ్లి తొక్కి, భోజనం వేళకి ఇంటికి రావొచ్చు. పంక్చరైతే ఒక ల్యాపు ఆగి మళ్లీ గుంపులో కలవనిస్తారు, ఆఖరి ల్యాపుల్లో తప్ప. వయసుని బట్టీ, అనుభవాన్ని బట్టీ విభాగాలు ఉంటాయి. అందుకే పిల్లలున్నవాళ్లు, యాభై దాటినవాళ్లు కూడా వారం వారం రేసు చేయగలుగుతున్నారు. మనూళ్లలో అలా ఎవరైనా మొదలుపెడితే బాగుండని నాకు చాలా ఉంది. ఉస్మానియాలో 2002 నేషనల్ గేమ్స్‌కి కట్టిన వెలోడ్రోమే (సైకిల్ రేసుల ట్రాకు) ఉంది, హైదరాబాద్‌కి ఆ మాత్రం చరిత్ర లేకపోలేదు.

గుంపులో తొక్కడం కాళ్ల బలం కాదు, విడిగా నేర్చుకోవలసిన పని. జనవరి దాకా ఆగకుండా ఇప్పుడే నమ్మకమైన ఇద్దరు ముగ్గురితో మొదలుపెట్టండి. ముందువాళ్ల వెనక టైరుకేసి చూడకండి, వాళ్ల నడుము మీదుగా ముందుకి చూడండి. మీ ముందు చక్రం వాళ్ల వెనక చక్రానికి పక్కగా ఎప్పుడూ చొరబడకూడదు. వాళ్లు కాస్త పక్కకి జరిగితే వాళ్లకేమీ కాదు, పడేది మీరే. మొదట ఒక సైకిల్ పొడుగు దూరం, అలవాటయ్యేకొద్దీ దగ్గరికి. బ్రేకు పట్టుకోవద్దు, వేగం ఎక్కువైతే కాస్త నిటారుగా లేచి గాలికి ఛాతీ ఇవ్వండి, అదే తగ్గుతుంది. గాలి కుడివైపు నుంచి వీస్తుంటే నేరుగా వెనక కాకుండా కాస్త ఎడమగా ఉంటేనే చాటు దొరుకుతుంది. ముందు మీ వంతు వచ్చినప్పుడు వేగం పెంచి గొప్ప చూపించొద్దు, ఉన్న వేగాన్నే నిలపండి. గుంతకి, కుక్కకి చెయ్యి చూపించి గట్టిగా అరవండి. వెనక లైటు మిణుకుమిణుకు మోడ్‌లో కాకుండా నిలకడగా వెలిగేలా పెట్టండి, లేకపోతే వెనకాలవాళ్ల కళ్లు పోతాయి.

ఆడవాళ్లు తక్కువమంది వస్తే మగవాళ్లతో కలిపి వదులుతారేమో, నిర్వాహకుల్ని ముందే అడగండి. కలిపి వదిలినా ఫలితాలు విడిగా ఇస్తారా అన్నది కూడా.

గుంటూరు_డాక్టర్

అమ్మా, రెండు మూడు విషయాలు చెప్తాను. రేసుకి దిగే ముందు హీమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు తెలిపే రక్తపరీక్ష) కూడా చూపించుకోండి. మన ఆడవాళ్లలో ఐరన్ లోపం చాలా ఎక్కువ. హీమోగ్లోబిన్ బాగానే ఉండి ఐరన్ నిల్వలు అడుగంటిన కేసులు రోజూ చూస్తుంటాను. "ఎంత తొక్కినా మెరుగవడం లేదు" అన్నవాళ్లలో కొందరికి ఉన్న జబ్బు అదే. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చి ఉంటే, మీకు ఆయాసంలో ఛాతీ పట్టేసినట్టుంటే, ముందు గుండె డాక్టర్‌కి చూపించుకోండి.

జ్వరంగా ఉన్న రోజున తొక్కకండి, మెల్లగా కూడా వద్దు. వైరల్ జ్వరంలో గుండె కండరం వాచే ప్రమాదం ఉంది.

నాలుగున్నరకి లేవాలంటే తొమ్మిదిన్నరకి పడుకోవాలి. రాత్రి పదకొండుకి పడుకున్నారా, ఆ మంగళవారం ఎనిమిది నిమిషాల పని వదిలేసి నిద్రపోండి. గంటన్నర దాటిన రైడులో గంటకి 60 గ్రాముల పిండిపదార్థం వేసుకోండి. ముప్పావు లీటరు నీళ్లలో 45 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు, అర నిమ్మచెక్క. దాంతోపాటు ఒక అరటిపండు తింటే గంటకి సరిపోయినట్టే. విదేశీ జెల్ ప్యాకెట్లు కొనక్కర్లేదు.

తెల్లారి_సవారీ

అందరికీ చాలా చాలా థాంక్స్. రాత్రి మావారికి అన్నీ చదివి వినిపించాను. రెండో శనివారం, నాలుగో శనివారం ప్లాను ఆయనకి బాగా నచ్చింది. 'ఏ' షిఫ్టు వారాల్లో మంగళవారం, గురువారం పని సాయంత్రం ట్రైనర్ మీద, ఆయన మూడింటికల్లా ఇంటికొస్తారు కాబట్టి బాబు చదువు ఆ గంట ఆయనది. 'బీ' షిఫ్టులో, అంటే ఆయన పొద్దున్న ఇంట్లో ఉండే వారాల్లో, పొద్దున్నే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కనున్న సోలార్ సైకిల్ ట్రాక్ మీద, కొల్లూరు కొస మాకు దగ్గర. ఆదివారం ఏడు దాటితే పిల్లలు, కొత్తగా నేర్చుకునేవాళ్లు ఉంటారు గానీ, పనిరోజున ఐదింటికి ఖాళీగా ఉంటుంది, పైన లైట్లు, కుక్కల బెడద లేదు. ఒంటరిగా వెళ్లే ఆడదానికి ఆ మాట ఎంత పెద్దదో చెప్పలేను.

కింది ఫ్లాట్ వాళ్లింటికి వెళ్లి కూర్చుని విన్నాను, పైన మావారు తొక్కారు. నిజంగానే గోడ అదురుతోంది. మ్యాట్లు, చెక్క ఆర్డర్ పెట్టాం. పాప సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా పడుకుంటుందట, కాబట్టి ఏడింటికి మొదలుపెడతాను. ఫెరిటిన్ టెస్టుకి రేపే ఇస్తున్నాను. అత్తగారు జనవరికి వస్తానన్నారు, కుర్చీ మాత్రం చేతులున్నది కావాలన్నారు.

ఇంకో చిన్న సందేహం. మొన్నటి రేసులో వీపు మీద పెట్టిన నంబరు కాగితం దారంతా కొట్టుకుంటూనే ఉంది. దానికేమైనా ఉపాయం ఉందా?

భీమిలి_రోడ్డు

ఉందమ్మా. జెర్సీ ఒంటి మీద ఉన్నప్పుడు, మీరు రేసు భంగిమలో వంగి ఉండగా ఇంకొకరి చేత పెట్టించుకోండి. నిల్చుని పెట్టుకుంటే వంగగానే ఉబ్బుతుంది. నాలుగు మూలలకే కాకుండా పైన రెండు, కింద రెండు ఎక్కువ పిన్నులు పెట్టించండి. కాగితాన్ని ముందు నలిపి, మళ్లీ చదును చేసి పెడితే వీపుకి అతుక్కుంటుంది. జేబుకి పిన్ను గుచ్చకుండా చూసుకోండి, అరటిపండు తీసుకోవాలి కదా.