హీటింగ్ లేని రోజులకు అద్దె తగ్గించాలా, అక్కర్లేదా?

మూడో అంతస్తు:
గత వారం మా ఇంట్లో గదులన్నిటినీ వెచ్చబెట్టే బాయిలర్ ఆగిపోయింది. ఫోన్ చేసిన రోజే ఓనర్ టెక్నీషియన్‌ని పంపాడు, అక్కడ తప్పు పట్టను. కానీ పార్ట్ రావడానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ ఆయన దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇంట్లో 12 డిగ్రీలు. మా అత్తగారికి ఆస్తమా. రెండు స్పేస్ హీటర్లు కొని నెట్టుకొచ్చాం. ఇప్పుడు అద్దె తగ్గించమంటే, "పార్ట్ దొరక్కపోతే నా తప్పేముంది?" అంటున్నాడు. మీరేమంటారు?

రెండిళ్ల ఓనర్:
నేనూ అదే అంటాను. కావాలని ఆపలేదు కదండీ. రిపేరు ఖర్చు ఎలాగూ ఆయన మీదే, దాని మీద అద్దె కోత కూడానా? ఇంకో మాట. నాకు అర్ధరాత్రి "హీటింగ్ పోయింది" అని మూడుసార్లు ఫోన్ వచ్చింది. రెండుసార్లు వేడిని అదుపుచేసే థర్మోస్టాట్‌లో బ్యాటరీలు అయిపోయాయంతే.

జర్మనీలో పదేళ్లు:
తప్పెవరిదన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. జర్మనీ సివిల్ కోడ్ 536వ సెక్షన్ ప్రకారం ఇల్లు ఎంతమేర వాడుకోవడానికి పనికిరాకపోతే అంతమేర అద్దె దానంతటదే తగ్గుతుంది. ఓనర్ తప్పు ఉందా లేదా అని చూడరు. అది జరిమానా కాదు, ఇవ్వని దానికి డబ్బు తీసుకోకపోవడం. అయితే లోపం కనబడగానే ఓనర్‌కి చెప్పాల్సిన బాధ్యత అద్దెకున్నవాళ్లదని కూడా అదే చట్టంలో ఉంది. నెల తర్వాత లెక్క తీస్తే చెల్లదు.
ఇక చలి సంగతి. చలి ప్రాంతాల్లో ఇంట్లో కనీసం 18 డిగ్రీలుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. పెద్దవాళ్లకూ పసిపిల్లలకూ అంతకన్నా ఎక్కువే కావాలి. 12 డిగ్రీల్లో ఆస్తమా మనిషి అంటే చిన్న విషయం కాదు.

స్పానర్:
బాయిలర్ల రిపేరు పనే చేస్తాను కాబట్టి ఒకటి చెబుతా, అద్దె గొడవ మీరు తేల్చుకోండి. హీటింగ్ పోయిన ఇళ్లలో నన్ను భయపెట్టేది చలి కాదు, వెచ్చదనం కోసం వెలిగించిన గ్యాస్ స్టవ్. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగూ వాసనా ఉండవు. అందుకే పార్ట్ ఆలస్యమని తెలిసిన రోజే ఓనర్ హీటర్లు తెచ్చివ్వాలి. వాటిని నేరుగా గోడ సాకెట్‌కే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకి వద్దు. కర్టెన్లకూ పరుపులకూ మీటరు దూరం ఉంచాలి. గడ్డకట్టే చలైతే పైపులు పగిలిపోతాయి, అప్పుడు ఏడవాల్సింది ఓనరే.

రెండిళ్ల ఓనర్:
హీటర్లు ఇస్తాను, కరెంటూ కడతాను. 1500 వాట్లవి రెండు రోజుకు పది గంటలు నడిస్తే 30 యూనిట్లు, ఆరు రోజులకు 180. అది న్యాయమే. అద్దె మాత్రం తగ్గించను. ఇంట్లోనే ఉన్నారు కదా!

మూడో అంతస్తు:
ఇంట్లోనా? ముగ్గురం ఒకే గదిలో ముడుచుకున్నామండీ. మిగతా రెండు గదుల తలుపులు కూడా తీయలేదు. నిజానికి డబ్బు బాధ సగమే. "పార్ట్ గురువారం వస్తుందట" అని ఒక్క మెసేజ్ పెట్టుంటే అత్తగారిని మొదటిరోజే మా ఆడపడుచు ఇంటికి పంపేదాన్ని. రేపొస్తుంది, రేపొస్తుంది అనుకుంటూ ఆవిడ చేత ఆరు రాత్రులు దగ్గించాం.

రెండిళ్ల ఓనర్:
ఆ మెసేజ్ విషయంలో నా దగ్గర జవాబు లేదు. నేనూ అలా ఊరుకున్న సందర్భాలున్నాయి. చెప్పడానికి కొత్త కబురేమీ లేదనుకుంటాం, అవతల వాళ్లు సూట్‌కేసు సర్దాలా వద్దా అని చూస్తుంటారని తోచదు.

జర్మనీలో పదేళ్లు:
అద్దె సంగతి దాటేశారు.

రెండిళ్ల ఓనర్:
వాడని గదుల వరకు అడిగితే ఆలోచిస్తాను. మొత్తం అడిగితే లేదు.

మూడో అంతస్తు:
రోజూ తీసిన థర్మామీటర్ ఫోటోలు, కరెంటు బిల్లు కలిపి ఇవాళ పొద్దున పంపాను. రెండు గదుల లెక్కన ఆరు రోజులకు అడిగాను. చూశాడు. జవాబు ఇంకా రాలేదు.