గంగమ్మా, సముద్రుడా? మన పద్యాల్లో కడలి

ప్రశ్న (తెలుగు ఉపాధ్యాయురాలు, నెల్లూరు):
మైపాడు వైపు తీరగ్రామాల పిల్లలకు తెలుగు చెబుతున్నాను. కావ్యాల్లో సముద్రుడు పురుషుడు. నదులకు భర్త, లక్ష్మికి తండ్రి, చంద్రుణ్ణి చూసి పొంగేవాడు. ఈ మాట చెబుతుండగా మత్స్యకారుల పల్లె పట్టపుపాలెం పాప ఒకతె లేచి, "గంగమ్మే సముద్రం గదా టీచర్, మళ్లీ ఆమెకు సముద్రుడు మొగుడెట్టా అవుతాడు?" అని అడిగింది. చేపల వేటకు పోయే మనిషికీ కడలికీ ఉన్న బంధం మన పద్యాల్లో ఎక్కడైనా కనిపిస్తుందా?

సమాధానం (విశ్రాంత అధ్యాపకుడు, ఒంగోలు):
అమ్మా, మహాకావ్యంలో ఉండవలసిన వర్ణనలను చెబుతూ సంస్కృత అలంకారికుడు దండి నగరం తర్వాత వెంటనే సముద్రాన్నే పేర్కొన్నాడు. ఆ నియమం వల్ల కడలి ముఖం చూడని కవి కూడా సముద్రంలో మండే బడబాగ్నినీ, అందులో దాగిన మైనాక పర్వతాన్నీ, తిమింగిలాలనూ వరుసగా వర్ణించగలిగాడు కాని, వాటి నడుమ తెప్ప మీద నిలబడిన మనిషి నాకు చాలా అరుదుగా కనిపించాడు. శ్రీనాథుడి హరవిలాసం కొంత మేలు. దాన్ని అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయ్య సెట్టిది వర్తక కుటుంబం కాబట్టి, అవతారికలో (కావ్యం తొలి పీఠికలో) సింహళపు ఏనుగులూ పారశీక తీరపు హురుముంజి గుర్రాలూ ఓడల మీద వచ్చినట్టు ఒక సీసపద్యం ఉంది. అయితే అది సరుకు ఒడ్డుకు చేరిన తర్వాతి సంబరం. నడిసంద్రపు భయం తెలియాలంటే పద్యాన్ని వదిలి, మొన్నటిదాకా ప్రకాశం జిల్లాలోనే ఉన్న పాత రేవు మోటుపల్లికి పోవాలి. అక్కడి 1244 నాటి శాసనంలో కాకతీయ రాజు గణపతిదేవుడు, గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారనీ, ప్రాణానికి తెగించి సముద్రం దాటేవారి మీద దయతో తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోననీ అభయమిచ్చాడు. నా దృష్టిలో అది ఏ సముద్ర వర్ణనకూ తీసిపోదు.

సమాధానం (కొత్తపట్నం దగ్గరి పల్లెపాలెం):
మా నాయన అలివి వల లాగినవాడు. పడవ అర్ధచంద్రాకారంలో వల వదిలి వచ్చాక, రెండు కొసలనూ రెండు వరుసల మనుషులు అందుకుంటారు. ఒకరు పాట ఎత్తుకుంటే మిగిలినవారు "ఐలేసా" అని అందిస్తారు; అల ముందుకు తోసినప్పుడు లాగుతారు, వెనక్కి పోయేటప్పుడు మడమలు ఇసుకలో దిగేసి బిగబట్టి నిలుస్తారు. ఆ పాటకు తాళం వేసేది అలే. చేపలు పడితే "గంగమ్మ ఇచ్చింది" అంటాము. 2004 డిసెంబరు 26న ఉప్పెన వచ్చి పోయిన కొన్నాళ్లకు, మా నాయనమ్మ పసుపు కుంకుమ తీసుకొని నీళ్ల దాకా నడిచి, "పెంచిన చేత్తోనే ఇట్టా చేస్తివేందమ్మా" అని ఏడ్చి, ఆ పసుపు కుంకుమ ఆమెకే సమర్పించి వచ్చింది. మరునాడు మా నాయన వేటకు పోయాడు.

ప్రశ్న అడిగినవారు:
మీ నాయనమ్మగారి మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. రామాయణంలో రాముడు బాణం ఎక్కుపెడితే సముద్రుడు చేతులు జోడించి వస్తాడు. మీ నాయనమ్మగారు పసుపు కుంకుమలతో పోయి గంగమ్మను నిలదీశారు. సోమవారం తరగతిలో ఆ రెండు ఘట్టాలనూ పక్కపక్కన చెబుతాను. అలివి వల పాట చరణాలు మీ పెద్దలకు గుర్తున్నంతవరకు, వారు పలికినట్టే రాసి పంపగలరా?