శ్రీహరికోట పాత ఊళ్ల భూసేకరణ పత్రాలు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మ పుట్టిల్లు శ్రీహరికోట. అక్కడి అడవి కట్టెలు బకింగ్‌హాం కాలువ మీదుగా పడవల్లో మద్రాసుకు వెళ్లిన రోజులను ఆవిడ తరచూ చెప్పేవారు. ఆవిడ ట్రంకుపెట్టెలో ఈమధ్య ఒక పాత శిస్తు రసీదు దొరికింది. అంచులు చెదలు తినేశాయి, సర్వే నంబరులో చివరి రెండంకెలు మాత్రమే మిగిలాయి.

1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి తొలి సౌండింగ్ రాకెట్‌ను (పై వాతావరణాన్ని పరిశోధించే చిన్న రాకెట్‌ను) ప్రయోగించిన తరువాత, ఉపగ్రహాలను మోసుకెళ్లే పెద్ద రాకెట్ల కోసం తూర్పు తీరంలో చోటు వెదికి, 1969లో శ్రీహరికోటను ఎంపిక చేశారని చదివాను. తూర్పు దిక్కుగా ప్రయోగిస్తే భూభ్రమణ వేగం కలిసివస్తుందని, విడిపోయిన భాగాలు సముద్రంలో పడతాయని, ఇటు పులికాట్ సరస్సు అడ్డుగా ఉంటుందని కారణాలు కూడా తెలిశాయి. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. ఇవన్నీ ఏ పుస్తకం తిరగేసినా కనిపిస్తాయి; ఊళ్ల సంగతే ఒక్క వాక్యంలో తేల్చేస్తారు.

యానాదులతో పాటు అక్కడ నివసించిన ఇతర కుటుంబాలను ఎక్కడికి తరలించారో, అప్పటి భూసేకరణ అవార్డు (పరిహారం నిర్ణయించిన ఉత్తర్వు) నకళ్ల కోసం సూళ్లూరుపేట తహసీల్దారు కార్యాలయంలో అడగాలో, నెల్లూరు కలెక్టరేట్‌లో అడగాలో, అసంపూర్ణమైన సర్వే నంబరుతో దరఖాస్తు చేసుకోవచ్చునో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.