ఈ ఎండలకి జిన్‌తో, వైట్ రమ్‌తో తేలిగ్గా ఏం కలపొచ్చు?

కొర్లగుంట మేడ:
ఆదివారం సాయంత్రం మా బావమరిది, వాళ్ళ ఫ్రెండ్ బెంగళూరు నుంచి వస్తున్నారు. మేడ మీద కూర్చుందామని ప్లాన్. తిరుపతి ఎండ సంగతి తెలిసిందే, పొద్దుగూకినా గచ్చు కాలుతూనే ఉంటుంది. విస్కీ వాసన కూడా పడట్లేదు. ఇంట్లో జిన్ ఒకటి, వైట్ రమ్ ఒకటి ఉన్నాయి. షేకర్ లేదు, స్టీలు గ్లాసులు, మిక్సీ, అంతే. కూల్‌డ్రింక్ పోసి పాకంలా చేసేది మాత్రం వద్దు. చెప్పండన్నా.

నన్నారి సోడా:
షేకర్ ఎందుకు సామీ, ఊరంతా నన్నారి, అదే సుగంధి వేరు షర్బత్, దొరుకుతుంటే! బండి మీద షర్బత్ కలిపే పద్ధతే. పొడవాటి గ్లాసులో అర నిమ్మకాయ పిండు. నన్నారి సిరప్ 20 మి.లీ., చిటికెడు ఉప్పు వేసి కలుపు. జిన్ 45 మి.లీ. పోసి, నిండా ఐస్ వెయ్. ఆఖర్న చల్లటి సోడా, గ్లాసు వంచి అంచు మీదుగా నిదానంగా. స్పూన్ ఒక్కసారి అడుగు నుంచి పైకి తిప్పితే చాలు, గిలక్కొడితే గ్యాసంతా పోతుంది. బార్లో టామ్ కాలిన్స్ అని ఇచ్చేదీ జిన్, నిమ్మరసం, చక్కెర పాకం, సోడానే. ఇక్కడ పాకం బదులు నన్నారి, అంతే తేడా. పైన నానబెట్టిన సబ్జా వేస్తావా, నీ ఇష్టం. నాకైతే పంటికి తగలడం నచ్చదు.

సిరప్ కొనేముందు లేబుల్ చదువు. కొన్నిట్లో వేరు ఉండదు, ఎసెన్సూ రంగే.

అసలు పని ఐస్‌తోనే. ట్రేలోని చిన్న ముక్కలు ఆ మేడ మీద నిలవవు. శనివారం రాత్రే చిన్న గిన్నెల్లో నీళ్ళు పోసి ఫ్రీజర్‌లో పెట్టు, పెద్ద గడ్డ నిదానంగా కరుగుతుంది. జిన్ బాటిల్ కూడా అందులోనే పడెయ్, గడ్డకట్టదులే.

చిత్తూరు తోట:
రమ్‌కి పుదీనా, నిమ్మరసం, చక్కెర, సోడా కలిపితే మొహితో. మిక్సీ జోలికి మాత్రం పోవద్దు, ఆకు నలిగితే చేదెక్కుతుంది. అరచేతుల మధ్య ఒక చరుపు చరిచి వెయ్యండి, వాసన అదే వస్తుంది. మా ఇంట్లో అయితే పచ్చి తోతాపురి సన్నగా తరిగి, ఉప్పూ కారం అద్ది, అరగంట రమ్‌లో నానబెడతాం. ఆ రమ్‌లో నిమ్మరసం, సోడా. ముక్కలు నంజుకోడానికి. సోడా కంటే ముందు ముక్కలే అయిపోతాయి, రెండు కాయలు ఎక్కువే కోయండి.

కొర్లగుంట మేడ:
నన్నారి ఖాయం అన్నా. ఆ ఫ్రెండ్ మందు ముట్టడు, మర్నాడు కొండకి పోవాలంట. ఆయనకేం ఇవ్వాలి?

నన్నారి సోడా:
అదే గ్లాసు, జిన్ లేకుండా. నిమ్మకాయ ఇంకాస్త పిండు. మీరిద్దరూ మాత్రం గ్లాసుకో గ్లాసు మంచినీళ్ళు తాగండి, ఈ వేడిలో మందు ఒంట్లో నీళ్ళు లాగేస్తుంది. మిగిలిన బాటిల్ కారులో మర్చిపోకండప్పా, అలిపిరి దగ్గర చెకింగ్‌లో బండి మొత్తం చూస్తారు.