పర్లాకిమిడి: కొండవాలులో ఏ చెట్లు నాటాలి?

ప్రశ్న (పర్లాకిమిడి): 2018 అక్టోబరు తిత్లీ తుపానుకు కూలిన మా జీడితోట వాలులో, త్వరగా చేతికొస్తుందని నీలగిరి వేద్దామని ఇంట్లో అంటున్నారు. మీరేమంటారు?

జవాబు (గుణుపురం): వద్దండి. నీలగిరి కింద పచ్చిక సరిగా మొలవదు, కనుక వాన చినుకు నేరుగా మట్టిని తాకి, పైపొరను వాగులోకి ఈడ్చుకుపోతుంది. ఆ తుపానులోనే మీ పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయిన సంగతి మనకు తెలిసిందే. పనస, చింత, కానుగ కలిపి నాటితే, లోతుగా దిగే వేళ్లు మట్టిని బిగించి పట్టుకోగా, రాలిన ఆకులు నీటిని నిదానంగా నేలలోకి ఇంకనిస్తాయి. కాపు ఆలస్యమే, కాదనను.

జవాబు (రాయగడ): కళ్లం పక్కన ఒక వేప కూడా వేయండి. ఆకులు వదిలే నీటియావిరి వేడిని తగ్గిస్తుంది. చెట్టు కళ్లెదుట ఉంటే మనిషికీ మేలే: ఆసుపత్రి కిటికీలోంచి చెట్లు కనిపించిన శస్త్రచికిత్స రోగులు త్వరగా కోలుకున్నారని 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలో చేసిన అధ్యయనం ప్రచురించారు.

ప్రశ్న వేసినవారు: ధన్యవాదాలండి. పనస మొక్కలకు పశువుల బెడద ఉంది, ముందు ముళ్లకంచె వేయిస్తాను.