12 వోల్టుల తోట లైట్లకి వాటర్‌ప్రూఫ్ కనెక్టర్లు: ఐపీ68 అని రాసున్నా చిలుం పట్టేసింది, ఈసారి ఏం కొనాలి?

తోటలైటు:
అందరికీ నమస్తే. పెరట్లో 12 వోల్టుల సెటప్ ఒకటి ఉంది, 3 వాట్ల ఎల్ఈడీ లైట్లు 12, నీటి తొట్టిలో చిన్న పంపు, మట్టి తేమ చూసే సెన్సార్లు మూడు, అన్నీ గోడకి ఉన్న పవర్ సప్లై నుంచి మొదలై చివరి లైటు దాకా ఓ 18 మీటర్లు వస్తాయి. పోయినేడాది నట్టు తిప్పి బిగించే రెండు పిన్నుల కనెక్టర్లు, ప్యాకెట్ మీద ఐపీ68 (దుమ్ము, నీళ్ళని ఎంత ఆపుతుందో చెప్పే రేటింగ్) అని పెద్దక్షరాలతో ఉంది కదా అని నమ్మేసి ఓ ఇరవై వేశా. ఒక్క వానాకాలం గడిచిందో లేదో సగం లైట్లు మినుకుమినుకుమంటున్నాయి, విప్పి చూస్తే లోపలంతా పచ్చగా చిలుం, ఒక పిన్ను ముట్టుకోగానే ఊడి చేతిలోకి వచ్చింది. నాకు అంతుపట్టనిది ఏంటంటే ప్రతిదాంట్లోనూ ప్లస్ పిన్నే పోయింది, మైనస్ పిన్ను దాదాపు కొత్తదానిలా ఉంది.

ఈసారి మంచివి కొందామని వెతికితే డీటీ, సూపర్‌సీల్, ఎం12 అని మూడు రకాల కనెక్టర్ల పేర్లు పదేపదే వస్తున్నాయి. ఏది తీసుకోమంటారు? లేకపోతే ఉన్నవాటిలోనే సిలికాన్ దట్టించేస్తే గట్టెక్కుతానా?

పాతక్రింపర్:
ముందు ఆ ప్లస్ పిన్ను సంగతి. డీసీ పోతూ మధ్యలో తడి చేరిందంటే రెండు పిన్నుల మధ్య చిన్న ఎలక్ట్రోప్లేటింగ్ తొట్టి తయారైనట్టే, ప్లస్ వైపున్న రాగి కరిగిపోతూ ఉంటుంది. కాబట్టి పిన్ను నాసిరకమా కాదా అన్నది తర్వాత, నీళ్ళు లోపల రోజుల తరబడి కూర్చున్నాయన్నది మాత్రం ఖాయం.

ఇక ఐపీ నంబరు. 67 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ముంచి చూశారని. 68 అంటే దానికన్నా కఠినం, కానీ ఎంత లోతు ఎంతసేపు అన్నది తయారుచేసినవాడే చెప్పాలి, చెప్పలేదంటే ఆ 68 ఉత్త అంకె. ఇంకో మెలిక, ముంచితే తట్టుకున్నది పైపుతో నీళ్ళు కొడితే తట్టుకోవాలని లేదు, ఆ పరీక్ష 65, 66ది. మొక్కలకి పైపు పట్టే చోట అయితే 66, 67 రెండూ రాసున్నది చూసుకోండి. ఇవన్నీ కొత్త కనెక్టరు, రెండు ముక్కలూ సరిగ్గా బిగించి, సరైన కేబుల్ వేసి చేసిన పరీక్షలే.

నా ఓటు డీటీకి. పిన్నుకి 13 ఆంప్స్, ప్రతి వైరుకీ విడిగా రబ్బరు సీలు, ఖాళీ రంధ్రాలకి బిరడాలు. బిరడా మర్చిపోతే మాత్రం వాటర్‌ప్రూఫ్ కనెక్టర్‌కి మీరే కిటికీ తెరిచినట్టు.

సెన్సార్‌పిచ్చి:
ఆగండాగండి, కనెక్టరు పేరు తేల్చేముందు కేబుల్ ఏంటో చెప్పమనండి. గుండ్రంగా ఉందా, ఎరుపు నలుపు అంటుకుని ఉండే చదును వైరా? రబ్బరు రింగు దగ్గర తడి ఉందా, వెనక నుంచి వచ్చిందా?

తోటలైటు:
చదునుదే అండి, ఎరుపు నలుపు జంట వైరు, 1 స్క్వేర్ ఎంఎం. మీరడిగాక ఇంకో రెండు విప్పా. రెండు ముక్కలు కలిసే చోట ఉన్న రింగు పొడిగా శుభ్రంగా ఉంది! నీళ్ళు వైరు దూరే వెనక నట్టు వైపు నుంచే వచ్చాయి, వైరు చెక్కి చూస్తే లోపల రాగి పోగులు ఓ జానెడు దూరం నల్లబడి ఉన్నాయి.

సెన్సార్‌పిచ్చి:
దొంగ దొరికాడు. ఆ వెనక నట్టులో ఉండే రబ్బరు గుండ్రటి కేబుల్ కోసం చేసింది, జంట వైరుని ఎంత బిగించినా రెంటి మధ్య గాడి అలాగే ఉంటుంది, నీటికి ఆ సందు చాలు. ఒకసారి పోగుల్లోకి ఎక్కిందంటే దీపం వత్తి నూనె పీల్చినట్టు పాకుతుంది. పైగా పగలంతా ఎండకి కనెక్టర్ లోపల గాలి వేడెక్కి ఉంటుంది, సాయంత్రం వాన పడగానే చల్లబడి కుంచించుకుంటుంది, అప్పుడు సందులో ఉన్న నీటిని అదే లోపలికి లాక్కుంటుంది. వెనక ఇలాంటి నట్టే ఉంటే మీరు ఎం12 వేసినా ఈ వైరుతో ఇదే కథ.

గుండ్రటి పైతొడుగున్న కేబుల్ తీసుకోండి, దాని లావు గ్లాండ్ (కేబుల్‌ని బిగించే ఆ వెనక నట్టు) మీద రాసిన కొలతలో పడాలి. సెన్సార్లకి మాత్రం ఎం12, కేబుల్‌తో కలిపి ఫ్యాక్టరీలోనే పోత పోసి వచ్చేవి కొనండి, అక్కడ మీ చేతి పనితనం అవసరమే లేదు. మామూలు ఎం12 పిన్నుకి 4 ఆంప్సే కాబట్టి లైట్ల మెయిన్ లైను దాంట్లోంచి లాగొద్దు.

అతుకులబొంత:
నాకర్థం కానిది, 12 లైట్లకి ఇరవై కనెక్టర్లు ఎందుకసలు? లైట్లని రోజూ పీకి పెడతామా? ప్రతి కనెక్టర్‌కీ వైరు దూరే చోట్లు రెండు, కలిసే చోటు ఒకటి, అంటే ఇరవైకి అరవై చోట్ల నీటికి తలుపులు. నేనైతే లైట్లకి శాశ్వతంగా అతికేస్తా, బట్ స్ప్లైస్ (రెండు వైర్ల చివర్లు ఎదురెదురుగా దూర్చే చిన్న లోహపు గొట్టం) క్రింప్ చేసి, అంటే టూల్‌తో నొక్కి బిగించి, పైన లోపల జిగురు పూతున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని వైరుని పట్టేసే తొడుగు), వేడి చేస్తే రెండు చివర్లా జిగురు బయటికి ఉబకాలి, అప్పుడే సీలైనట్టు. జిగురు లేని మామూలు ష్రింక్ ఉత్త చొక్కా, నీళ్ళు ఆపదు. కనెక్టర్లు పంపుకి, సెన్సార్లకి, ఇంటి దగ్గర ఒక చోట పెట్టుకుంటే చాలు.

సిలికాన్ సంగతి అడిగారు కదా, గొట్టం తెరవగానే పుల్లటి ఘాటు వాసన వచ్చేది అస్సలు వద్దు, ఆరేటప్పుడు వదిలే ఆసిడ్ రాగిని తినేస్తుంది. మీరు నీళ్ళని ఆపుదామనుకుని చిలుం మీరే పెట్టించినట్టవుతుంది.

పాతక్రింపర్:
@అతుకులబొంత లైటు పోతే ప్రతిసారీ వైరు కోస్తారా? వానలో చీకట్లో క్రింపర్ పట్టుకుని కూర్చున్నోడికి తెలుస్తుంది కనెక్టర్ విలువ.

అతుకులబొంత:
కోస్తా. ప్రతి లైటు దగ్గరా జానెడు వైరు ఎక్కువ వదిలిపెడతా, మూడు నాలుగు సార్లు కోసుకోవచ్చు. ఎల్ఈడీ లైటు ఎన్నాళ్ళకోసారి పోతుంది చెప్పండి, మీ కనెక్టర్ దానికన్నా ముందు పోతోందిగా.

పాతక్రింపర్:
సరే, లైట్ల వరకు ఒప్పుకుంటా. @తోటలైటు మరి మూడు మాటలు. 12 లైట్లు కలిపి 36 వాట్లు, అంటే 3 ఆంప్స్. 18 మీటర్లు పోనూ రానూ 36, 1 స్క్వేర్ ఎంఎం రాగిలో సుమారు 0.62 ఓమ్‌లు, లైట్లన్నీ చివర్లోనే ఉన్నట్టు లెక్కేస్తే 1.9 వోల్టులు దారిలోనే పోతాయి. లైట్లు దారి పొడుగునా ఉంటాయి కాబట్టి అంత పోదు గానీ పంపు కూడా అదే లైను మీదుంటే చివరి లైటు మినుకుడికి చిలుం ఒక్కటే కారణం కాదు. మెయిన్ లైను 2.5 వేసుకోండి.

రెండోది, ఆ 2.5 వైరు మామూలు డీటీ పిన్నులో పట్టదు, అది సుమారు 2 స్క్వేర్ ఎంఎం దాకానే. కాబట్టి ఇంటి దగ్గర మెయిన్‌కి డీటీపీ తీసుకోండి, డీటీలోనే లావు పిన్నుల రకం, 25 ఆంప్స్‌ది. డీటీ పంపుకి. గుండ్రటి కేబుల్‌కి ఇవి పెడితే పైతొడుగు చెక్కి లోపలి వైర్లు విడివిడిగా సీళ్ళలోకి పోతాయి, చెక్కిన చోట జిగురు ష్రింక్ వేయకపోతే తొడుగు లోపల నుంచి నీళ్ళు పాకుతాయి, చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

మూడోది, వాటికి తగిన క్రింపింగ్ టూల్. కటింగ్ ప్లయర్‌తో నొక్కి, పైన సోల్డర్ పోసి, అయిపోయిందనుకోవద్దు. నొక్కాక వైరుని గట్టిగా లాగి చూడండి, ఊడొస్తే ఇప్పుడే రావాలి. సప్లై దగ్గర ఫ్యూజు ఉందా?

తోటలైటు:
ఫ్యూజు లేదండి, సిగ్గుగా ఉంది, పెడతా. పంపు కేబుల్ పొట్టిది, జాయింటు తొట్టి నీళ్ళలోనే మునిగుంటోంది, దానికి ఐపీ68 డీటీ ఏదైనా ఉందా?

సెన్సార్‌పిచ్చి:
నీళ్ళలో జాయింటే వద్దు. పొడుగు కేబుల్ పంపు దొరక్కపోతే జాయింటుని తొట్టి అంచు పైకి తెచ్చి గోడకి కట్టండి, వైరు కిందికి దిగి ఒక వంపు తిరిగి మళ్ళీ పైకి కనెక్టర్‌లోకి వెళ్ళేలా వదలండి, కారే నీళ్ళు ఆ వంపు దగ్గరే కింద పడిపోతాయి.

తోటలైటు:
గోడకి మేకు కొట్టేశా. కేబుల్, ష్రింక్, ఫ్యూజు ఆర్డర్ పెట్టా, కనెక్టర్లు మొత్తం ఐదే తేలాయి, మూడు ఎం12, ఒక డీటీ, ఒక డీటీపీ. పాత నట్టువి ప్యాకెట్ విప్పనివి ఇంకా తొమ్మిది మిగిలాయి, వీటినేం చేయను?

అతుకులబొంత:
ఇంట్లో అల్మారా లైట్లకి పెట్టుకో గురూ, అక్కడ వాన పడదు.