జోన్ 3 ఫాల్ట్ పోవడంలా, ఎవరన్నా చెప్పండి ప్లీజ్

కొత్త టెక్నీషియన్: అన్నా పొద్దున 9 నుంచి ఇదే పని, ఇప్పుడు 3 అయింది, అన్నం కూడా తినలా. అలిపిరి రోడ్డులో లాడ్జి, ఫైర్ ప్యానెల్‌లో జోన్ 3 (ఒక భాగంలోని డిటెక్టర్ల లైను) ఫాల్ట్ లైటు వెలగతానే ఉండాది, బజర్ ఆపితే మళ్ళా మోగతాది. పొగ డిటెక్టర్లు తుడిచినా, రెండు మార్చినా, రీసెట్ కొట్టినా. సీనియర్ తిరుచానూరు సైటుకి పోయి ఫోన్ ఎత్తడంలా, నేను అప్రెంటిస్‌గా చేరి 2 నెలలే. యాత్రికులు భయపడతా ఉండారు, ఆ జోన్ వైరు పీకేయమంటాడు మేనేజర్.

ప్యానెల్ మామ: కన్వెన్షనలా (జోన్ మాత్రమే చూపేది) అడ్రెసబులా (ఏ డిటెక్టరో కూడా చూపేది)? ఎన్ని డిటెక్టర్లు? మీటర్ పెట్టినావా?

రేణిగుంట పెద్దాయన: 2 నెలల పిల్లోణ్ణి ఒంటరిగా ఎట్ల వదిలిపెట్టినారు? 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం నేర్పించేదానికి అర్హత ఉన్న మనిషిని పెట్టాల్సింది యజమానే. నీ కాంట్రాక్ట్ రిజిస్టర్ అయిందా నాయనా? స్టైపెండ్ నెలనెలా బ్యాంకులో పడతాందా? ఇవి ముందు చూసుకో, ప్యానెల్ తర్వాత.

కొత్త టెక్నీషియన్: కన్వెన్షనల్ అన్నా, లూప్‌లో 14 ఉండాయి.

చిత్తూరు వైర్‌మ్యాన్: లూప్ కాదు తమ్ముడూ, జోన్ అను. లూప్ అంటే పోయిన లైను తిరిగి ప్యానెల్‌కే వచ్చేది, అది అడ్రెసబుల్‌లో. నీది చివరి డిటెక్టర్ దగ్గర రెసిస్టర్‌తో ఆగిపోతాది.

పుత్తూరు సీసీటీవీ: ఫీల్డులో అందరం లూప్ అనే అంటాం, పదాలు పట్టుకుని పీకితే ఏం లాభం?

చిత్తూరు వైర్‌మ్యాన్: లాభం ఉంది కాబట్టే చెప్పేది. లూప్ అనుకుంటే తిరిగొచ్చే వైరు కోసం వెతుకుతా కూర్చుంటాడు పాపం.

ప్యానెల్ మామ: వైరు పీకితే ఫాల్ట్ పోదు, అదీ ఓపెనే, అంటే లైను తెగినట్టే. హూటర్లు మోగకుండా ఐసోలేట్ చెయ్యి. జోన్ వైర్లు తీసి ఆ టర్మినల్స్‌కి నేరుగా ఒక రెసిస్టర్ పెట్టు, విలువ ప్యానెల్ మాన్యువల్‌లో ఉంటాది. 4.7కె (4,700 ఓమ్స్) అయితే పసుపు, ఊదా, ఎరుపు గీతలు. ఫాల్ట్ పోతే ప్యానెల్ బాగుంది, లైను తెగింది. కానీ రెసిస్టర్ అట్లే వదిలేసి వచ్చేయద్దు. లైటు ఆరిపోతాది, 14 డిటెక్టర్లలో ఒక్కటీ పలకదు, రాత్రి నిప్పంటుకుంటే లోపల నిద్రపోయేవాళ్ళకి తెలీదు. వైర్లు మళ్ళా పెట్టి ఏడో డిటెక్టర్ బేస్ (డిటెక్టర్ బిగించే అడుగు భాగం) దగ్గర వోల్టేజ్ చూడు. ఉంటే తెగింది అవతల, లేకుంటే ఇవతల. అట్ల సగం సగం చేసుకుంటా పో. అయ్యేదాకా ఆ అంతస్తులో వాచ్‌మన్‌ని తిప్పమను.

కొత్త టెక్నీషియన్: రెసిస్టర్ పెడితే పోయింది అన్నా. ఒకటి చెప్పలా, నిన్న ఏసీ వాళ్ళు రెండో అంతస్తులో ఫాల్స్ సీలింగ్ విప్పినారు, దానికీ దీనికీ సంబంధం ఉంటాదా?

ప్యానెల్ మామ: అది ముందు చెప్పాల కదరా. ఆడికే పో.

పుత్తూరు సీసీటీవీ: మాకూ ఏసీ వాళ్ళతో ఇదే గొడవ, కెమెరా కేబుల్ కోసేసి చెప్పకుండా పోతారు.

కొత్త టెక్నీషియన్: దొరికింది. 13 దాకా వోల్టేజ్ ఉండాది, 14 వది సీలింగ్‌పైన వేలాడతాంది, ఒక వైరు ఊడి ఉండాది, రెసిస్టర్ దాంట్లోనే ఉంది. ప్యానెల్ దగ్గర పెట్టింది తీసేసి దీన్ని బిగించినా, ఫాల్ట్ పోయింది, పొగ కొట్టి చూస్తే అలారం వచ్చింది. థ్యాంక్స్ మామా, అన్నం తిని వస్తా.

రేణిగుంట పెద్దాయన: మంచిది నాయనా. కాంట్రాక్ట్ సంగతి చెప్పలేదే?